బెర్లిన్ సినగాగ్ గానానికి లిపి కట్టిన లూయీ లెవాండోవ్‌స్కీ

యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో ప్రార్థన చాలావరకు గానరూపంలోనే సాగుతుంది. తోరా, అంటే మోషే ధర్మశాస్త్ర గ్రంథాలు, చదివేటప్పుడు ప్రతి మాటను ఏ స్వర పలుకుబడితో పలకాలో నిర్ణయించే సంకేతాలు మధ్యయుగాల నుంచే స్థిరపడ్డాయి. నిత్య ప్రార్థనలకూ పండుగ ప్రార్థనలకూ అటువంటి సంకేతాలు లేవు. ఏ పూట, ఏ పండుగకు, ఏ స్వరమార్గంలో పాడాలో చెప్పే సంప్రదాయం మాత్రం ఉంది. దానిని నుసాఖ్ అంటారు. ఆ మార్గాన్ని కంఠస్థం చేసుకుని, సమాజం తరఫున నిలబడి ప్రార్థనను గానం చేసే వ్యక్తిని హజ్జాన్ అంటారు. తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి నోటిమాటగా అందుతూ వచ్చిన ఈ విద్య 19వ శతాబ్దపు జర్మన్ భాషా ప్రాంతాలలో మొదటిసారి విస్తారంగా స్వరలిపిలోకి ఎక్కింది. ఆ పనిని అందరికంటే ఎక్కువ మందికి ఉపయోగపడేలా చేసిన స్వరకర్త బెర్లిన్‌కు చెందిన లూయీ లెవాండోవ్‌స్కీ. ఆయన పేరు చెప్పగానే ఆర్గన్ నాదమూ నాలుగు గొంతుల బృందగానమూ గుర్తుకు రావడం సహజమే అయినా, చరిత్రలో ఆయన స్థానాన్ని నిలబెట్టింది ఒంటి గొంతు కోసం ఆయన రాసిపెట్టిన స్వరపాఠాలే.

లెవాండోవ్‌స్కీకి ముందు తరాలలో మధ్య, తూర్పు ఐరోపా యూదుల సినగాగ్‌లలో హజ్జాన్ పక్కన సాధారణంగా ఇద్దరు సహాయకులు నిలబడేవారు. ఒకరు గొంతు మారని బాలుడు, మరొకరు మంద్రస్థాయిలో పాడే పెద్దవాడు. మెషోరెరీమ్ అని పిలిచే ఈ సహగాయకులు హజ్జాన్ పాడుతున్న దానిని వెన్నంటి, అప్పటికప్పుడు తోచిన స్వరాలతో కింద ఆధారాన్నీ పైన అలంకారాన్నీ సమకూర్చేవారు. వారి ముందు కాగితం ఉండేది కాదు. హజ్జాన్ ప్రతిభావంతుడైతే ఈ పద్ధతిలో అద్భుతమైన గానం పుట్టేది; ప్రతిభ కొరవడిన చోట ప్రార్థనలోని మాటలు గమకాల కింద పూడిపోయేవి. 18వ శతాబ్దం చివర యూదులలో మొదలైన జ్ఞానోదయ ఉద్యమం ఈ స్థితిని ప్రశ్నించింది. జర్మన్ భాషలో చదువుకుని, నాటకశాలలకూ సంగీత సభలకూ వెళ్లడం మొదలుపెట్టిన యూదు మధ్యతరగతి, తమ దేవాలయంలోనూ క్రమబద్ధమైన, గంభీరమైన సంగీతం ఉండాలని కోరుకుంది. సంస్కరణవాది ఇస్రాయెల్ యాకబ్సన్ 1810లో జేసెన్ పట్టణంలో ఆర్గన్‌తో కూడిన మందిరాన్ని ప్రారంభించాడు. 1815 నుంచి బెర్లిన్‌లోనూ అటువంటి ఆరాధన కొన్ని సంపన్న గృహాలలో జరిగింది. అయితే 1823లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం యూదుల ఆరాధనలో ఎటువంటి కొత్త మార్పులూ చేయరాదని ఆజ్ఞ ఇవ్వడంతో బెర్లిన్‌లో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

మధ్యేమార్గం వియన్నాలో దొరికింది. 1826లో అక్కడ ప్రారంభమైన కొత్త సినగాగ్‌కు హజ్జాన్‌గా వచ్చిన సాలొమన్ జుల్ట్సర్, పాత బాణీల మూలరూపాన్ని చెరపకుండా వాటిని శుభ్రపరచి, నాలుగు గొంతుల పురుష బాల గాయక బృందానికి కూర్చాడు. ఆయన గొంతు కీర్తి యూదు సమాజాన్ని దాటి నగరమంతటా వ్యాపించింది. స్వరకర్త ఫ్రాన్జ్ షూబర్ట్ తన జీవితపు చివరి సంవత్సరమైన 1828లో బైబిలు కీర్తనల గ్రంథంలోని 92వ కీర్తనను హీబ్రూ మాటలతోనే స్వరపరిచి ఆయనకు ఇచ్చాడు. జుల్ట్సర్ రచనల మొదటి సంపుటం 1840 ప్రాంతంలో వెలువడగా జర్మన్ నగరాలలోని యూదు సమాజాలన్నీ తమకూ అటువంటి బృందం కావాలని ఆశపడ్డాయి. బెర్లిన్‌లో ఆ ఆశను నెరవేర్చవలసిన బాధ్యత, హజ్జాన్ కాని ఒక యువకుడి మీద పడింది.

లూయీ లెవాండోవ్‌స్కీ 1821 ఏప్రిల్ 3న ప్రష్యా పాలనలోని పోజెన్ ప్రాంతంలో వ్రెషెన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. పోలండ్ విభజనల తరువాత జర్మన్ పాలకుల చేతికి వచ్చిన ఆ ప్రాంతంలో పోలిష్ యూదుల పాత ప్రార్థనా సంప్రదాయం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. తండ్రి వృత్తిరీత్యా హజ్జాన్ కాకపోయినా పెద్ద పండుగలకు ప్రార్థన నడిపించేవాడు. కొడుకులు ఆయన పక్కన నిలబడి సహగానం చేసేవారు. తల్లి మరణించాక, పేదరికం వల్ల, 12 ఏళ్ల వయసులో బాలుడు బెర్లిన్ చేరి, 1714లో ప్రతిష్ఠితమైన హైడెరాయ్‌టర్‌గాసె వీధి సినగాగ్‌లో హజ్జాన్ ఆషర్ లియోన్ వద్ద బాలగాయకుడిగా కుదిరాడు. పాత పద్ధతిలో చివరి తరపు సహగాయకులలో ఒకడిగా ఆయన శిక్షణ మొదలైందన్న విషయం ముఖ్యం, ఎందుకంటే తరువాత ఆయన రద్దు చేసిన పద్ధతిని ఆయన లోపలి నుంచి ఎరిగినవాడు.

తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్ వంశానికి చెందిన అలెగ్జాండర్ మెండెల్సన్ ఆదరణ దొరకడంతో లెవాండోవ్‌స్కీకి బెర్లిన్ కళా అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. అక్కడ ప్రవేశం పొందిన మొదటి యూదు విద్యార్థి ఆయనే అంటారు. ఆయన గురువులలో కార్ల్ ఫ్రెడరిక్ రుంగెన్‌హాగెన్, ఎడ్వార్డ్ గ్రెల్ ఇద్దరూ బెర్లిన్‌లోని ప్రసిద్ధ బృందగాన సంస్థ జింగ్ అకాడెమీకి చెందినవారు. వీరిలో గ్రెల్ వాద్య సహకారం లేని గానమే నిజమైన సంగీతమని నమ్మి, 16 గొంతులకు మాస్ ఆరాధన సంగీతం కూర్చినవాడు. లెవాండోవ్‌స్కీ రచనలలో ఏ గొంతునూ ఇబ్బంది పెట్టని సులువు, ఊపిరి తీసుకునే చోటును కూడా లెక్కించి వాక్యం కట్టే నేర్పు ఈ గురువుల నుంచి వచ్చినవే. అయితే చదువు పూర్తి కాకముందే తీవ్రమైన నరాల జబ్బు ఆయనను కొన్నేళ్లపాటు సంగీతానికి దూరం చేసింది. స్వరకర్తగా లౌకిక సంగీత ప్రపంచంలో స్థిరపడాలన్న ఆశను ఆ జబ్బు తుంచివేసింది; కోలుకున్నాక ఆయన తిరిగి సినగాగ్‌కే వచ్చాడు.

ఆ మధ్యకాలంలో బెర్లిన్ యూదుల అభిరుచి మారిపోయింది. 1838లో హిర్ష్ వైన్‌ట్రాబ్ అనే హజ్జాన్ తన బృందంతో నగరానికి వచ్చి, స్వరలిపి ఆధారంగా అభ్యసించిన బహుగళ గానాన్ని వినిపించగా శ్రోతలు ఆశ్చర్యపోయారు. మనకూ ఇలాంటిది కావాలని సమాజం ఒత్తిడి చేయడంతో ఆషర్ లియోన్ వియన్నా నుంచి జుల్ట్సర్ రచనలను తెప్పించాడు. అవి వచ్చాక అసలు చిక్కు బయటపడింది. నాలుగు గొంతులకు నాలుగు వరుసలుగా, ఒక్కో వరుసకు ఒక్కో క్లెఫ్‌తో, అంటే గీతల మీద ఏ స్వరం ఎక్కడ నిలుస్తుందో చెప్పే వేర్వేరు సంకేతాలతో రాసిన ఆ ప్రతిని లియోన్ చదవలేకపోయాడు. దానిని విప్పి, ఆయన చదవగల రూపంలో తిరగరాసి, గాయకులకు నేర్పిన వాడు లెవాండోవ్‌స్కీ. 1840ల మొదటి సంవత్సరాలలో ఆయన ఆ సినగాగ్ గాయక బృందానికి నిర్దేశకుడయ్యాడు. ప్రార్థన నడిపించేవాడే సంగీతానికి కర్త అనే పాత ఏర్పాటు పోయి, శాస్త్రీయ శిక్షణ పొందిన స్వరకర్త హజ్జాన్ పక్కన ప్రత్యేక పదవిలో నిలబడడం ఇక్కడి నుంచి స్థిరపడింది.

1845లో స్టెటిన్ నుంచి అబ్రహామ్ యాకబ్ లిష్టెన్‌స్టైన్ కొత్త హజ్జాన్‌గా రావడం లెవాండోవ్‌స్కీ జీవితంలో అన్నిటికంటే పెద్ద అదృష్టం. స్టెటిన్‌లో స్వరకర్త కార్ల్ లోవె నిర్వహించిన సంగీత సభలలో గాయకుడిగా పాడిన లిష్టెన్‌స్టైన్‌కు పాత నుసాఖ్ మీద పూర్తి అధికారం ఉండేది, స్వరలిపి తెలుసు, క్రైస్తవ సంగీతకారులతో స్నేహమూ ఉంది. స్వరకర్త మాక్స్ బ్రూఖ్ 1880లో సెల్లో వాద్యానికి, వాద్యబృందానికి రాసిన కోల్ నిద్రేకి ఆధారమైన పురాతన బాణీ ఆయనకు పరిచయమైంది లిష్టెన్‌స్టైన్ కుటుంబం ద్వారానే. (కోల్ నిద్రే అన్నది ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ముందటి సాయంత్రం పాడే అరామిక్ భాషా పాఠం, నెరవేర్చలేని మొక్కుబడుల నుంచి విడుదల కోరే పాఠమది.) ఈ గాయకుడి పక్కన ఏళ్ల తరబడి నిలబడి, ఆయన పాడిన ప్రార్థనలను విని, వాటిని స్వరలిపిలో పొందుపరచడంతో లెవాండోవ్‌స్కీ సొంత రచన బలపడింది. ఇద్దరి శ్రమలో ఎవరి పాలు ఎంతో విడదీయడం కష్టమే గాని, లిష్టెన్‌స్టైన్ లేనిదే ఆ గ్రంథాలు ఆ రూపంలో ఉండేవి కావని చెప్పడం న్యాయం.

ఆ గ్రంథాలలో మొదటిది కోల్ రిన్నా ఉత్‌ఫిల్లా 1871లో బెర్లిన్‌లో అచ్చయింది. సంవత్సరం పొడుగునా వచ్చే విశ్రాంతి దినాలకూ పండుగలకూ హజ్జాన్ పాడవలసిన ప్రార్థనలను ఒకటి, రెండు గొంతుల కోసం కూర్చిన సంపుటమిది. శిక్షణ పొందిన బృందం లేని చిన్న ఊళ్ల సమాజాలనూ, ఇంకా విద్యార్థి దశలో ఉన్న హజ్జాన్‌లనూ దృష్టిలో ఉంచుకుని రాసిన ఈ గ్రంథంలో ప్రధాన భాగం రెసిటేటివ్‌లది, అంటే తాళానికి కట్టుబడకుండా మాటల నడకను అనుసరించి సాగే గానానిది. రాగయుక్తంగా పద్యం చదివే తెలుగు వాడుకతో పోలిస్తే దీని స్వభావం తేలికగా బోధపడుతుంది. స్వరాల మార్గం నిర్ణీతం, నడక మాత్రం అర్థాన్ని బట్టి మారుతుంది. అటువంటి గానాన్ని కాగితం మీదికి ఎక్కించడంలో రెండు ప్రమాదాలున్నాయి. ప్రతి గమకాన్నీ రాస్తే చదివేవాడు ఒక గాయకుడి వ్యక్తిగత అలవాట్లను శాసనంగా భావిస్తాడు. మరీ కుదించి రాస్తే మార్గం ఆనవాలే దొరకదు. లెవాండోవ్‌స్కీ పోజెన్ ప్రాంతపు గానంలోని దీర్ఘమైన అలంకారాలను కత్తిరించి, వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఏ మాట మీద స్వరం పైకి లేస్తుందో, ప్రార్థన చివర ఏ స్వరం మీద దిగాలో స్పష్టంగా చూపించాడు. మిగిలినది పాడేవాడి వివేకానికి వదిలాడు. ఆయన చేసిన కత్తిరింపు వల్ల కొంత సొగసు పోయిందన్నది నిజం. ఆ కత్తిరింపు లేకపోతే చిన్న ఊరి హజ్జాన్ చేతిలో ఆ పుస్తకం ఉపయోగపడేదీ కాదు.

అయిదారేళ్ల తరువాత, 1876 నుంచి 1882 మధ్య వెలువడిన తోదా వ్‌జిమ్రా రెండు భాగాల గ్రంథం. నాలుగు గొంతుల బృందానికి, హజ్జాన్‌కు, ఇష్టమైతే చేర్చుకోవచ్చుననే సూచనతో ఆర్గన్‌కు కూర్చిన ఈ రచనలలో స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ ఓరటోరియోల ప్రభావం, అంటే అభినయం లేకుండా పాడే మతసంబంధ కథాగానాల ప్రభావం, ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఇక్కడే లెవాండోవ్‌స్కీ ఒక సాంకేతిక సమస్యను ఎదుర్కొన్నాడు. తెలుగు పాఠకులకు అది కర్ణాటక సంగీత పరిభాషలో సులువుగా అర్థమవుతుంది. యూదు ప్రార్థనా గానంలోని ముఖ్యమైన స్వరమార్గాలలో అహవా రబ్బా ఒకటి. దాని మూల స్వరాలు షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అంటే 14వ మేళమైన వకుళాభరణం స్వరాలే. (స్వరస్థానాలు కలిసినంత మాత్రాన సంప్రదాయాల మధ్య సంబంధం ఉన్నట్టు కాదు, పైగా ఈ మార్గం మంద్రస్థాయిలో కొన్ని స్వరాలను మార్చుకుంటుంది.) పాశ్చాత్య స్వరమేళన పద్ధతిలో వాక్యం ముగించాలంటే పంచమం మీద నిలిచిన స్వరగుచ్ఛం షడ్జమం మీది గుచ్ఛంలోకి దిగాలి, ఆ దిగుడుకు బలాన్నిచ్చేది షడ్జమానికి అతి దగ్గరగా ఉండే కాకలి నిషాదం. అహవా రబ్బాలో ఆ నిషాదం లేదు. పంచమం, కైశికి నిషాదం, శుద్ధ రిషభం కలిపితే వచ్చేది నిలకడలేని గుచ్ఛం, ముగింపుకు పనికిరానిది. కాబట్టి స్వరకర్త ముందు మిగిలిన దారులు రెండే: మార్గాన్ని వంచి పాశ్చాత్య మేజర్, మైనర్ శ్రేణులలోకి తేవడం, లేదా స్వరమేళనాన్ని తగ్గించి ఒంటి గొంతుకు చోటివ్వడం.

లెవాండోవ్‌స్కీ రెండు దారులనూ వాడుకున్నాడు. బృందగాన భాగాలలో ఎక్కువగా మేజర్, మైనర్ శ్రేణులనే తీసుకుని, పై గొంతులో సులువుగా నోటికి పట్టే బాణీని నిలిపి, కింద మూడు గొంతులనూ దానికి అనువుగా నడిపించాడు. హజ్జాన్ భాగాలలో పాత మార్గాలను అలాగే ఉంచాడు. దానివల్ల ఒకే ప్రార్థనలో రెండు సంగీత భాషలు పక్కపక్కన వినిపిస్తాయి. వ్రెషెన్‌లో తండ్రి పాడిన గానం ఒక వైపు, బెర్లిన్ అకాడమీలో గురువులు నేర్పిన గానం మరొక వైపు. ఆయన సినగాగ్‌ను చర్చిగా మార్చాడన్న విమర్శ తరువాతి తరాలలో తరచుగా వినిపించింది. బృందగానాలను మాత్రమే విన్నవారికి ఆ విమర్శ సబబుగానే తోస్తుంది. కొన్ని ముక్కలలో హీబ్రూ మాటలు తీసివేస్తే అవి లూథరన్ ఆరాధన గీతాల పక్కన ఇమిడిపోతాయి. కాని హజ్జాన్ భాగాలను చదివినవారు ఆ మాట అనలేరు.

ఆర్గన్ గురించిన వివాదం సంగీతానికి మించినది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చివేశాక, ఆ దుఃఖానికి గుర్తుగా ఆరాధనలో వాద్యాలు వాడరాదన్న నియమం యూదులలో ఏర్పడింది. విశ్రాంతి దినాన వాద్యం మోగించడం వేరుగా నిషిద్ధం. అన్యమతస్థుల ఆచారాన్ని అనుకరించరాదన్న విధి మూడవది. ఐరోపాలో ఆర్గన్ చర్చి వాద్యమని వేరే చెప్పనక్కరలేదు. అనుకూలవాదులు యూదుల ధర్మ వ్యాఖ్యాన గ్రంథమైన తాల్ముద్‌లో పేర్కొన్న మగ్రెఫా అనే ఆలయ వాద్యాన్ని ఆర్గన్‌కు పూర్వరూపంగా చూపించి వాదించారు. బెర్లిన్ రబ్బీ, అంటే యూదు మతగురువు, మిఖాయెల్ జాక్స్ ఆర్గన్‌కు ఒప్పుకోలేక పదవి నుంచే తప్పుకున్నాడు. 1860ల మొదట్లో కొత్త సినగాగ్ కోసం సమాజం అభిప్రాయాలు సేకరించినప్పుడు లెవాండోవ్‌స్కీ ఆర్గన్ వైపు నిలబడ్డాడు. ఆయన వాదం మతసూత్రాల మీద ఆధారపడలేదు; అంత పెద్ద మందిరంలో వేలమంది గొంతులను ఒక శ్రుతిలో, ఒక నడకలో నిలపగలిగేది ఆర్గన్ ఒక్కటేనన్నది వృత్తి ఎరిగిన వ్యక్తి చెప్పిన మాట.

ఓరానియెన్‌బుర్గర్ వీధిలో ఎడ్వార్డ్ క్నోబ్లాఖ్ రూపకల్పనతో మొదలై, ఫ్రెడరిక్ ఆగస్ట్ స్టూలర్ పూర్తిచేసిన ఆ కొత్త సినగాగ్ 1866 సెప్టెంబరు 5న ప్రారంభమైంది. 3,200 ఆసనాలు, బంగారు పూత పక్కటెముకల గుమ్మటం ఉన్న ఆ కట్టడం ప్రారంభోత్సవానికి ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కూడా హాజరయ్యాడు. లెవాండోవ్‌స్కీ అక్కడి సంగీత నిర్దేశకుడయ్యాడు. అదే ఏడాది ఆయనకు రాజసంగీత నిర్దేశకుడనే బిరుదు లభించింది. 1871 నాటికి బెర్లిన్ యూదుల సంఖ్య సుమారు 36 వేలకు చేరింది. వారిలో అందరూ ఈ మార్పులను అంగీకరించలేదు; సంప్రదాయవాదులు 1869లో అదాస్ యిస్రోయెల్ పేరుతో వేరే సమాజం ఏర్పరచుకున్నారు. కొత్త సినగాగ్ ఆరాధనకు అవసరమైన జర్మన్ గానం కోసం ఆయన కీర్తనల గ్రంథం నుంచి 18 కీర్తనలను ఏకగళ గాయకులు, బృందం, ఆర్గన్‌లకు కూర్చాడు. ఆయన రచనలలో పూర్తిగా సంగీత సభకు తగినవి ఇవే.

ఆయన బాణీలు అంతగా వ్యాపించడానికి కారణం వాటిని సమాజం మొత్తం కలిసి పాడగలగడం. హజ్జాన్ పాడితే వినడం, గుంపుగా ఎవరికి వారు గొణుక్కోవడం అనే రెండు అలవాట్ల మధ్య, వచ్చినవారంతా ఒకే బాణీలో గొంతు కలపడమన్న మూడవ మార్గాన్ని ఆయన సుగమం చేశాడు. మందిరంలో అడుగుపెడుతూ పాడే మా తోవు, 92వ కీర్తనలోని త్సాద్దిక్ కతామర్, 150వ కీర్తన హల్లెలూయా, శుక్రవారం రాత్రి ద్రాక్షరసం మీద చెప్పే కిద్దూష్ దీవెన బాణీ నేడు అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికా సినగాగ్‌లలో స్వరకర్త పేరు తెలియనివారు కూడా పాడుతున్నారు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆయన జర్మన్, పోలిష్ యూదుల అష్కెనజీ ఉచ్చారణకు స్వరం కట్టాడు. అందులో ఊనిక ఎక్కువగా చివరి అక్షరానికి ముందటి అక్షరం మీద పడుతుంది. నేటి ఇస్రాయెల్ ఉచ్చారణలో అది తరచుగా చివరి అక్షరం మీదికి జరిగిపోవడంతో మాట ఊనిక ఒక చోట, స్వరం ఊనిక మరొక చోట పడుతుంటాయి.

వయసు మీరిన, పేదరికంలో ఉన్న సంగీతకారుల కోసం ఒక సహాయ సంస్థను స్థాపించి నడిపిన లెవాండోవ్‌స్కీ 1894 ఫిబ్రవరి 4న మరణించాడు. వైసెన్‌జే యూదు శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. ఆయన కుమార్తె మార్తా తత్త్వవేత్త హెర్మన్ కోహెన్ భార్య. నాజీలు వృద్ధాప్యంలో ఆమెను తెరేజియన్‌స్టాట్ శిబిరానికి తరలించగా ఆమె 1942లో అక్కడే మరణించింది. 1938 నవంబరు 9 రాత్రి సినగాగ్‌లను తగలబెడుతున్నప్పుడు ఓరానియెన్‌బుర్గర్ వీధి మందిరాన్ని విల్హెల్మ్ క్రూట్స్‌ఫెల్డ్ అనే పోలీసు అధికారి అడ్డుపడి కాపాడాడు. 1943లో బాంబుదాడులలో అది ధ్వంసమైంది. 1958లో ప్రధాన ప్రార్థనాశాల శిథిలాలను కూల్చివేశారు. గుమ్మటంతో సహా పునరుద్ధరించిన ముందుభాగం 1995లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. లెవాండోవ్‌స్కీ ఏ శాల ప్రతిధ్వనిని లెక్కలోకి తీసుకుని పనిచేశాడో ఆ శాల మాత్రం తిరిగి కట్టలేదు.

గానం మాత్రం బెర్లిన్‌లో మళ్లీ మొదలైంది. గ్రీసులోని థెస్సలోనికి నగరంలో పుట్టి, ఆష్విట్స్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన ఎస్ట్రోంగో నహామా 1947లో బెర్లిన్ యూదు సమాజానికి హజ్జాన్‌గా కుదిరాడు. స్పెయిన్ నుంచి వచ్చిన సెఫార్దీ యూదుల సంప్రదాయంలో పెరిగిన ఆయన, తనది కాని ఈ జర్మన్ గానాన్ని నేర్చుకుని 2000లో మరణించేదాకా పాడాడు. అందుకు తోడ్పడినది స్వరలిపిలో మిగిలిన పుస్తకాలే. లెవాండోవ్‌స్కీ సంగీతాన్ని తెలుసుకోదలచినవారు 150వ కీర్తన బృందగానంతో ఆగకుండా, కోల్ రిన్నాలోని శుక్రవారం సాయంత్రపు ప్రార్థనలను ఒంటి గొంతుతో విని తీరాలి. ఆర్గన్‌తో, బృందంతో కూడిన ఆయన ఆరాధనా క్రమం నేటికీ బెర్లిన్‌లోని పెస్టలోట్సి వీధి సినగాగ్‌లో ప్రతి విశ్రాంతి దినాన కొనసాగుతోంది.